పలకకు ముందు మట్టి

పిల్లవాడికి నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండగానే బిస్మిల్లా చదివించే ఆనవాయితీ మన ఇళ్లలో తరతరాలుగా ఉంది. ఆ రోజు కొత్త బట్టలు, మిఠాయి, పెద్దల దువా. మర్నాటి నుంచి చదువు. అంటే నాలుగేళ్లు దాటేదాకా మన పెద్దలు పిల్లవాణ్ణి అక్షరం జోలికి పంపలేదన్నమాట. ఇప్పుడు రెండున్నరేళ్లకే బూట్లు తొడిగి, మెడకు టై కట్టి, ఆటోలో కుక్కి కాన్వెంటుకు పంపుతున్నాం. చాపాడు నుంచి ఇటు ప్రొద్దుటూరు, అటు మైదుకూరు రోడ్డున పొద్దున నిలబడితే ఆ ఆటోలు కనిపిస్తాయి. సాయంత్రం బిడ్డ ఇల్లు చేరగానే తల్లి అడిగే మొదటి మాట "ఈరోజు ఏం రాశావు?" అని. "ఏం చూశావు?" అని అడిగే తల్లులు అరుదు.

కూలికి పోయే ఇల్లు, బట్టల మూట మోసుకొని ఊరూరా తిరిగే ఇల్లు, మెకానిక్ షెడ్డులో రోజంతా పనిచేసే ఇల్లు. ఇలాంటి ఇళ్ల నుంచి కూడా ఎల్‌కేజీ ఫీజు కట్టడానికి అప్పులు తెస్తున్నారు. ఆ డబ్బుకు బిడ్డకు దక్కేది ఏమిటని చూస్తే, గళ్ల పుస్తకంలో నూరుసార్లు రాసిన 'ఏ' అక్షరం, అర్థం తెలియకుండా అప్పజెప్పే నాలుగు ఇంగ్లీషు పాటలు. మూడేళ్ల బిడ్డ వేళ్ల ఎముకలు, కండరాలు ఇంకా గట్టిపడలేదు. ఆ వేళ్లతో సన్నటి పెన్సిలు పట్టించి గీత దాటకుండా రాయమంటే చెయ్యి నొప్పి పుడుతుంది, చదువంటే బెదురు పుడుతుంది. మదరసాలోనూ, బడిలోనూ పిల్లలకు చెప్పిన ఇన్నేళ్లలో మేము గమనించినది ఒకటుంది: అయిదేళ్ల లోపు మట్టి పిసికిన చెయ్యి, గింజలు ఏరిన చెయ్యి, ఆరో ఏట కలం పట్టడానికి తడబడదు.

మరి ఈ వయసులో ఏం నేర్పాలి? మా సమాధానం: మట్టి, నీళ్లు, గింజ, ఆకు, రంగు, నీడ. ఇవన్నీ ఊళ్లోనే ఉన్నాయి. నేర్పే చోటు కూడా ఊళ్లోనే ఉంది. దాని పేరు అంగన్‌వాడీ.

అంగన్‌వాడీ అనే మాట వెనుక

1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైంది. అది ఇవ్వవలసిన ఆరు సేవల్లో బడిముందు చదువు ఒకటి. అయినా మన జనం అంగన్‌వాడీని కోడిగుడ్లు, పాలు ఇచ్చే చోటుగానే చూస్తారు. గుడ్డు తెచ్చుకోవడానికి అక్కడికి, చదువుకు కాన్వెంటుకు అని మనసులో పంచేసుకున్నారు.

ఆ మాటకు మూలం వెతికితే మహారాష్ట్రకు పోవాలి. తారాబాయి మోదక్ అనే విద్యావేత్త అంతకు ముందు గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకాతో కలిసి పనిచేశారు. గిజుభాయి 1920లో అక్కడ బాలమందిరం నెలకొల్పారు. తారాబాయి తరువాత బోర్డీ, కోస్‌బాడ్ గ్రామాల్లో ఆదివాసీ బిడ్డల కోసం పనికి దిగారు. బిడ్డలు బడికి రాకపోతే బడినే వాళ్ల వాకిట్లోకి తీసుకుపోయారు. అంగన్ అంటే వాకిలి. ఉర్దూలో మనం ఆంగన్ అనేదీ అదే. అక్కడి ఆటవస్తువులు గవ్వలు, గులకరాళ్లు, గింజలు, ఆకులు, మట్టి. పశువులు మేపే చోటికి పోయిన పిల్లలకు ఆ మేతబీడులోనే పాఠం. ఖరీదైన విదేశీ సామగ్రి లేకుండా శిశువిద్య సాగుతుందని వాళ్లు చేసి చూపించారు.

ఆ విదేశీ సామగ్రి రూపొందించిన మరియా మాంటిస్సోరి కూడా మన దక్షిణాదికి వచ్చినావిడే. 1939లో మద్రాసు అడయారులో దిగారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ శత్రుదేశమైంది కాబట్టి ఆమె స్వదేశం పోలేక ఇక్కడే ఉండిపోయారు. ఆ యుద్ధకాలంలోనే కొన్నాళ్లు కొడైకెనాల్ కొండల మీద గడిపి, చెట్లు, పురుగులు, జంతువుల మధ్య పిల్లలకు ప్రకృతి పాఠాలు ఎలా చెప్పాలో పద్ధతి ఏర్పరిచారు. ఇప్పుడు 'మాంటిస్సోరి' బోర్డు తగిలించుకున్న బడులు వీధికొకటి. వాటిలో ఎన్నింటి వాకిట్లో ఒక్క చెట్టయినా ఉందో పాఠకులే లెక్కపెట్టుకోవాలి.

ఉర్దూ ప్రపంచంలోనూ ఈ దారిలో నడిచినవాళ్లున్నారు. హైదరాబాదులో 1897లో పుట్టిన డాక్టర్ జాకిర్ హుసేన్ జర్మనీలో చదువుకొనే రోజుల్లో గెర్దా ఫిలిప్స్‌బార్న్ అనే యూదు వనిత పరిచయమయ్యారు. హిట్లర్ అధికారంలోకి వచ్చిన కాలంలోనే ఆమె ఢిల్లీ వచ్చి జామియా మిల్లియాలో చేరి చిన్నపిల్లల కోసం పనిచేశారు. పిల్లలకు ఆమె 'ఆపాజాన్'. 1943లో ఇక్కడే కన్నుమూశారు. జామియాలోని శిశుసంరక్షణ కేంద్రానికి నేటికీ ఆమె పేరే. జాకిర్ సాహెబ్ 1937లో వార్ధా విద్యాపథకం తయారుచేసిన కమిటీకి అధ్యక్షులు. చేతిపనితోనే చదువు అనేది ఆ పథకానికి ప్రాణం. తరువాత ఆయన రాష్ట్రపతి అయ్యారని అందరికీ తెలుసు. పిల్లల కోసం ఉర్దూలో కథలు రాశారని తెలిసినవాళ్లు తక్కువ.

తఖ్తీ రోజులు

మా తరం మదరసా చదువులో తఖ్తీ ఉండేది. చెక్కపలకను కడగాలి. ముల్తానీ మట్టి నానబెట్టి పలుచగా, ఒకే మందంలో పూయాలి. ఎండలో ఆరబెట్టాలి. మట్టి మందమైతే ఎండి పెచ్చులూడుతుంది, పలుచనైతే సిరా చెక్కలోకి దిగుతుంది. రెల్లు కలాన్ని ఏటవాలుగా చెక్కాలి, మొన ఎంత వెడల్పుంటే అక్షరం అంత లావు. ఇదంతా అయ్యాకే అలిఫ్. రాసింది కడిగేసి మళ్లీ మొదటికి. దీన్ని ఎవరూ సైన్సు అనలేదు, డ్రాయింగు అనలేదు. కానీ మట్టి గుణం, ఎండ గుణం, సిరా గుణం వేళ్లకు తెలిసిపోయాయి. ఉస్తాద్ చేతిలోని బెత్తం సంగతి వేరే. చదువుకొనే పిల్లల మీద కాఠిన్యం వాళ్లను పాడుచేస్తుందని ఇబ్న్ ఖల్దూన్ పధ్నాలుగో శతాబ్దంలోనే 'ముఖద్దిమా'లో వివరంగా రాశారు. ఆ పుటలు తిప్పిన ఉస్తాదులు తక్కువేమో!

పసుపు, సబ్బు, గుడ్డు పెంకు

ఇక అసలు విషయానికి వద్దాం. చాపాడు మండలానికి కె.సి. కాలువ నీళ్లున్నాయి. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయలుదేరే ఈ కాలువను 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ పడవల రాకపోకలకూ, సాగుకూ తవ్వించింది. నష్టాల్లో మునిగిన కంపెనీ నుంచి 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. ఆ నీటి పుణ్యమా అని వరి, పసుపు పండుతున్నాయి. నల్లరేగడి ఉంది, కుందూ, పెన్నల ఇసుక ఉంది, ఇంటింటా కడప బండ ఉంది. ప్రయోగశాలకు ఇంతకంటే ఏం కావాలి?

పసుపుతో మొదలుపెడదాం. తెల్లకాగితం మీద తడి పసుపు పూసి ఆరనివ్వండి. బట్టల సబ్బు నీళ్లలో పుల్లకు చుట్టిన దూది ముంచి బిడ్డ చేతికివ్వండి. గీసిన చోటల్లా ఎర్రటి గీత! మన ఆడవాళ్లకు ఇది కొత్త కాదు. కూర మరకపడ్డ తెల్లచొక్కాకు సబ్బు పెడితే మరక ఎర్రబారడం రోజూ చూసేదే. ఇప్పుడు అదే ఎర్రగీత మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పసుపు. క్షారం, ఆమ్లం అనే మాటలు నాలుగేళ్ల బిడ్డకు చెప్పనక్కరలేదు. సబ్బు ఏం చేసింది, నిమ్మకాయ ఏం చేసింది అన్నది వాడి కళ్లు చెప్తాయి. ఆ గీతలతో బిడ్డ వేసే బొమ్మ చిత్రకళ. రంగు మారడం సైన్సు. రెంటికీ ఒకటే కాగితం. తాంబూలం సున్నంతో కూడా రంగు మారుతుంది గాని, సున్నం కంట్లో పడితే చూపుకే ముప్పు. పసిబిడ్డల దగ్గరికి దాన్ని రానివ్వకండి, సబ్బు చాలు.

అంగన్‌వాడీలో గుడ్డు ఎలాగూ ఇస్తారు. పెంకు పారేయకండి. పెంకు ముక్కను గాజుగ్లాసులో వేసి నిమ్మరసం పోస్తే కాసేపటికి సన్నటి బుడగలు పైకి లేస్తాయి. కడప బండ కోసేటప్పుడు రాలిన పొడి మీద నిమ్మరసం పోసినా బుడగలే. గుడ్డు పెంకూ, నాపరాయీ ఒకే పదార్థపు చుట్టాలు, అంటే కాల్షియం కార్బొనేట్. వంటింటి కడప బండ మీద నిమ్మకాయ పిండితే మెరుపు పోయి మచ్చ పడుతుందని అత్తలు కోడళ్లను కోప్పడేదీ ఇందుకే. ఇంత సంగతి టీచరు తెలుసుకొని ఉంటే చాలు. బిడ్డకు బుడగలు చూపించి, "ఇంకా దేంట్లో వస్తాయో చూద్దామా?" అని అడిగితే వాడే గులకరాయి, మట్టిపెళ్ల, ఇటుక ముక్క తెచ్చి పరీక్ష పెడతాడు. మిగిలిన పెంకులు కడిగి, నలిపి, రంగులద్ది అట్టమీద అతికిస్తే అదొక బొమ్మ.

మట్టికి రెండు కొబ్బరిచిప్పలు చాలు. అడుగున చిన్న రంధ్రం. ఒకదాంట్లో నల్లరేగడి, ఒకదాంట్లో ఇసుక. రెంటిలో సమానంగా నీళ్లు పోస్తే ఇసుక చిప్ప నుంచి నీళ్లు జారిపోతాయి, రేగడి పట్టి ఉంచుకుంటుంది. నాలుగు రోజులు ఎండలో పెడితే రేగడి నెర్రెలు తీస్తుంది. ఆ నెర్రెల్ని చూసి బొమ్మ గీయమనండి. రేగడిలో శనగ పంట ఎందుకు వానలు వెనుదీసినా నిలుస్తుందో ఆ బిడ్డ తాతకు తెలుసు. ఆ తాతను ఒకరోజు అంగన్‌వాడీకి పిలిచి కూర్చోబెట్టండి. ఆయన కంటే పెద్ద మాస్టరు దొరకడు.

ఇలాంటి తాతల కళ్ల విలువ మన జిల్లాకు ఒకసారి బాగా తెలిసింది. కలివికోడి అనే పక్షి 1900 తరువాత ఎవరికీ కనిపించలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లె అడవిలో మళ్లీ దొరికింది. బొంబాయి శాస్త్రజ్ఞులు బొమ్మ చూపించి వెతుకుతుంటే పట్టి తెచ్చింది ఒక పల్లెటూరి మనిషి. బడిలో నేర్చిన చూపు కాదది.

గింజలు ఏరేటప్పుడు జాగ్రత్త

శనగ, అలసంద, చింతపిక్క, సీతాఫలం గింజ. వీటిని రంగుల వారీగా, సైజుల వారీగా ఏరి గిన్నెల్లో వేయడమే లెక్కలకు మొదటి మెట్టు. అలసంద గింజను తడి దూదిలో పెట్టి గాజుసీసా అంచున ఉంచితే వేరు కిందికి, మొలక పైకి పోవడం రోజురోజూ కనిపిస్తుంది. మొలక వచ్చాక సీసాను పక్కకు పడుకోబెట్టి రెండు రోజులాగండి. వేరు మళ్లీ కిందికే వంగుతుంది. పిల్లలు దానికి చెప్పే కారణాలు వింటే నవ్వొస్తుంది, ఆలోచనా వస్తుంది. సరిదిద్దే తొందర వద్దు.

అయితే గురివింద గింజ ఎంత అందంగా ఉన్నా తేవద్దు. కొరికి మింగితే ప్రాణాంతకం. ఆముదం గింజ, పచ్చగన్నేరు కాయ, ఉమ్మెత్త కాయ కూడా అంతే. మూడేళ్ల లోపు బిడ్డలకు శనగంత చిన్న గింజలు కూడా వద్దు. ముక్కులో, చెవిలో దూర్చుకుంటారు, గొంతుకడ్డం పడతాయి. కాలువ చూపిస్తామని పిల్లల్ని గట్టుకు తీసుకుపోవద్దు. కాలువ నీళ్లే సీసాలో అంగన్‌వాడీకి తేవచ్చు. ఆ సీసాను కుదిపి కదలకుండా పెడితే, ముందు ఇసుక, తరువాత ఒండ్రు పొరలుగా కిందికి దిగుతాయి. సన్నటి బంకమట్టి మర్నాటికి కూడా నీళ్లలో తేలుతూనే ఉంటుంది.

మట్టితో బొమ్మలు చేయించడం మీద కొందరు తల్లిదండ్రులకు అభ్యంతరం ఉంటుంది. హజ్రత్ ఆయిషా (ర) చిన్ననాట బొమ్మలతో ఆడుకున్న సంగతి హదీసు గ్రంథాల్లో ఉంది. పిల్లల ఆటబొమ్మల్ని అనుమతించిన పండితులు ఎందరో ఉన్నారు. అయినా మనసొప్పని ఇళ్లను టీచరు నొప్పించనక్కరలేదు. కుండ, పొయ్యి, గాజులు, మామిడికాయ, ఆకు, మినారు చేయించవచ్చు. ఆకుల అడుగున రంగు పూసి కాగితం మీద ఒత్తితే ఈనెలన్నీ అచ్చుపడతాయి. వేప, రావి, బాదం ఆకుల్ని ఒకదాని పక్కన ఒకటి అచ్చువేసి, ఏ ఆకు ఏ చెట్టుదో కనుక్కోమంటే పూట గడిచిపోతుంది.

నీడ పాఠం

మదరసాలో చదివినవాళ్లకు నీడ లెక్క బాగా తెలుసు. గడియారాలు రాకముందు జుహర్, అసర్ వేళలు నీడను బట్టే. పుల్ల నిలబెట్టి, మిట్టమధ్యాహ్నపు నీడ తీసేసి, మిగిలినది పుల్ల పొడవుకు సమానమైతే అసర్ అని షాఫయీలు, రెట్టింపైతే అని మన హనఫీలు. ఈ లెక్క పసిబిడ్డకు అక్కరలేదు. వసారాలోని నల్లటి కడప బండ మీద బిడ్డను నిలబెట్టి, నీడ చుట్టూ సుద్దముక్కతో గీయండి. పొద్దున ఒకసారి, గుడ్డు తిన్నాక ఒకసారి, ఇంటికి పోయేముందు ఒకసారి. అదే బిడ్డ, అదే చోటు, మూడు బొమ్మలు మూడు రకాలు! కడప బండను మించిన నల్లబల్ల ఏ కంపెనీ అమ్మదు.

వేపచెట్టు కిందికి పొండి. ఆకుల మధ్య సందులు వంకరటింకర. నేలమీద పడే వెలుగు మచ్చలు మాత్రం గుండ్రం. ఎందుకు? ప్రతి మచ్చా సూర్యుడి బొమ్మే కాబట్టి. వెయ్యేళ్ల కిందట బస్రాలో పుట్టి కైరోలో స్థిరపడిన ఇబ్నుల్ హైసమ్ చీకటి గదిలోకి చిన్న రంధ్రం గుండా వచ్చే వెలుగును పరీక్షించి, గ్రహణపు ఆకారం మీద ఒక గ్రంథమే రాశారు. 2019 డిసెంబరు 26న మన ప్రాంతంలో పాక్షిక సూర్యగ్రహణం పట్టినప్పుడు ఇలాంటి మచ్చలన్నీ నెలవంకలయ్యాయి. ఆకాశం వంక చూడకుండా నేల వంక చూసి గ్రహణం చూడవచ్చు. కళ్లకు ఏ ప్రమాదమూ లేదు. ఆరోజు పిల్లల్ని ఇళ్లలో పెట్టి తలుపులు వేసుకున్నవాళ్లు పోగొట్టుకున్నది అదీ.

మట్టీ, మిట్టీ

మా దృష్టిలో ఈ పద్ధతి వల్ల మన బిడ్డలకు కలిగే పెద్ద మేలు భాషలో ఉంది. దూదేకుల ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. తక్కిన ఇళ్లలో దక్కనీ ఉర్దూ. ఉర్దూ ఇంటి బిడ్డ మూడేళ్లకు అంగన్‌వాడీలో అడుగుపెడితే తెలుగు అర్థం కాక మూల కూర్చుంటుంది. కాన్వెంటులో అయితే ఇంగ్లీషు ముందు ఇద్దరూ మూగలే. నోరు విప్పని బిడ్డను "మందబుద్ధి" అని ముద్రవేయడం మేము కళ్లారా చూశాము. పాఠం పుస్తకంలో ఉన్నప్పుడు భాష గోడ. పాఠం చేతిలో ఉన్నప్పుడు ఆ గోడ అంత ఎత్తుండదు. తడి రేగడి ముద్ద చేతిలో పెట్టి ఒకరు మట్టి అంటే ఒకరు మిట్టీ అంటారు. ఎంత దగ్గర! పసుపుకు హల్దీ, చింతకు ఇమ్లీ, ఆకుకు పత్తా. టీచరుకు ఉర్దూ రానక్కరలేదు. "మీ ఇంట్లో దీన్ని ఏమంటారమ్మా?" అని అడిగితే చాలు. వారం తిరగకుండా తెలుగు పిల్లలు ఇమ్లీ అంటారు, ఉర్దూ పిల్ల చింతపిక్క అంటుంది. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా పునాది దశ అన్నది. ఆట, ఇంటి భాష ప్రధానమన్నది. 2022లో ఆ దశకు పాఠ్యప్రణాళిక చట్రం, 2023 ఫిబ్రవరిలో 'జాదూయీ పిటారా' పేరుతో ఆటవస్తువుల పెట్టె విడుదలయ్యాయి. కాగితం మీద అంతా బాగుంది. మన రాష్ట్రంలో 2022లో ఉర్దూను రెండో అధికార భాషగా రాష్ట్రమంతటికీ చట్టం చేశారు. అంగన్‌వాడీలో మూల కూర్చున్న బిడ్డకు ఆ చట్టం చేరేది "దీన్ని ఏమంటారమ్మా" అనే ఆ ప్రశ్నతోనే.

అంగన్‌వాడీ టీచరు మీద ఇంకో బరువు వేస్తున్నామని అనేవారుంటారు. నిజమే, ఆమెకు రిజిస్టర్లున్నాయి, 2021 నుంచి ఫోనులో పోషణ్ ట్రాకర్ ఉంది, టీకాలు, గర్భిణుల లెక్కలున్నాయి. 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా రాష్ట్రమంతటా వాళ్లు సమ్మె చేసింది ఊరికే కాదు. అందుకే ఇది ఆమె ఒక్కతే చేయవలసిన పని కాదంటున్నాము. శుక్రవారం నమాజు తరువాత మసీదు మెట్ల మీద కూర్చొని ఫీజుల గురించి వాపోయే తండ్రుల్లో నలుగురు వంతులవారీగా వారానికొక గంట ఇస్తే సరిపోతుంది. ఒకరు తట్టెడు రేగడి, ఒకరు కొబ్బరిచిప్పలు, పసుపు పండించే ఇల్లు ఒక కొమ్ము. కార్పెంటరు చెక్కముక్కల అంచులు నున్నగా తీసి ఇస్తే ఇటుకల్లా పేర్చుకొనే ఆటసామాను అవుతుంది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ వాళ్లు పల్లెబడుల కోసం తయారుచేసిన కార్డుల పద్ధతి దేశమంతా పాకింది. అందులోనూ ఊరి తల్లులకు, ఊరి పాటలకు, ఊరి చేతిపనులకు చోటుంది.

ఒక తారీఖు మాత్రం క్యాలెండరులో గుర్తుపెట్టుకోండి. మన ప్రాంతంలో ఏటా రెండుసార్లు, ఏప్రిల్ ఆఖరులో ఒకసారి, ఆగస్టు రెండో వారంలో ఇంకోసారి, సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. పగలు పన్నెండుంబావు ప్రాంతంలో నిలువుగా పెట్టిన పుల్లకు నీడ మాయమవుతుంది. ఏప్రిల్‌లో ఎండ పిల్లలకు మంచిది కాదు. ఆగస్టులో మబ్బు లేని రోజు దొరికితే, అయిదు నిమిషాలు చాలు, ఒక గ్లాసును బండమీద బోర్లించి చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టండి. నీడ ఎక్కడికి పోయిందని వాళ్లే గ్లాసు ఎత్తి చూస్తారు.